నల్లకోడు డివిజన్ ఒకటో నంబరు

లింగమూర్తి గారు నల్లకోడు డ్రెయిన్ల డివిజన్‌కు ఎగ్జిక్యూటివ్ ఇంజినీరుగా వచ్చి చేరిన మూడో రోజున, సిస్టమ్స్ గది గోడకు అంటించిన ఒక కాగితం చదివి, నిలబడ్డచోటే అవమానపడ్డారు. అవమానపడటానికి పెద్ద అధికారులకు పెద్ద కారణాలు అక్కర్లేదు. ఆ కాగితంలో ఎడమ పక్క పేర్లు, కుడి పక్క నంబర్లు ఉన్నాయి. అంతకు మించి ఏమీ లేదు.

ఆ కాగితం రాసింది కనకవల్లి. ఎనిమిదేళ్లుగా కాంట్రాక్టు మీద ఆ ఆఫీసు కంప్యూటర్లు చూసుకుంటున్న మనిషి. అక్కడ అరవై చిల్లర యంత్రాలు తీగలతో ఒకదానికొకటి కలిసి ఉన్నాయి. యంత్రాలకు అంకెలు తప్ప పేర్లు తెలియవు, మనుషులకు పేర్లు తప్ప అంకెలు గుర్తుండవు. అందుకని ప్రతి యంత్రానికీ ఒక పేరూ ఒక నంబరూ పెట్టి, ఏ పేరుది ఏ నంబరో పట్టిక రాసి, ఆ పట్టికను అన్ని కంప్యూటర్లలోకీ ఎక్కించింది. పోస్టుమాను పేరు చూసి గుమ్మం వెతుక్కున్నట్టే, కంప్యూటరు ఆ పట్టిక చూసి పక్క కంప్యూటరును వెతుక్కుంటుంది. పేర్లేం పెట్టాలో తోచక మామిడిపళ్ల పేర్లు పెట్టింది. "ఆ ఫైలు రసాలులో ఉందండి", "సువర్ణరేఖకి పంపెయ్యండి" అనుకుంటూ ఎనిమిదేళ్లు ఆఫీసు నడిచింది. ఎవరికీ కడుపునొప్పి రాలేదు.

"ఇందులో నాదేది?" అన్నారు లింగమూర్తి గారు.

"నలభై ఏడండి."

"పేరు?"

కనకవల్లి కొంచెం తడబడింది. "తోతాపురి అండి. మీకు ముందున్న సారు టైములో పెట్టిందండి అది."

"ఒకటో నంబరు ఎవరిది?"

"అది ఎవరిదీ కాదండి. అదిగోండి, అటక మీద దీపాలు మిణుకుమంటున్న డబ్బా. దాని పేరు వాకిలి. ఆఫీసులోంచి బయటికెళ్లే కబురైనా, బయటినుంచి వచ్చే కబురైనా దాని మీదుగానే నడుస్తాయండి."

లింగమూర్తి గారు తలెత్తి డబ్బాను చూశారు. నల్ల ప్లాస్టిక్ డబ్బా, రెండు కొమ్ములు, ఒంటినిండా దుమ్ము. డబ్బా మాత్రం ఆయన వచ్చినందుకు లేచి నిలబడలేదు.

"ఇది ఏ కేడరు?"

"కేడరేంటండి, వస్తువండి అది."

"అంటే, ఏ కేడరూ లేని డబ్బా ఒకటో నంబరు. ఇరవై ఆరేళ్ల సర్వీసున్న నేను నలభై ఏడు. పైగా తోతాపురి." ఆయన వెనక్కి తిరిగి, నీడలా వెంట వచ్చిన సూపరింటెండెంట్ సోమయాజులు గారి వంక చూశారు. "ఇన్నేళ్లుగా ఈ ఆఫీసులో ప్రోటోకాల్ ఈ స్థితిలో ఉందన్నమాట."

"ఘోరమండి," అన్నారు సోమయాజులు గారు. ఆయన కంప్యూటరు పేరు చెరుకురసం. దాన్ని ఆయన నిన్నటిదాకా ఎంతో ముద్దుగా పిలుచుకునేవారు.

ఈ డివిజన్ చేసే పనేమిటో కూడా చెప్పాలి, ఎందుకంటే అక్కడున్న చాలామంది దాన్ని మరిచిపోయారు. నల్లకోడు ఒక మురుగుకాలువ. చుట్టుపక్కల పొలాల్లో పడ్డ వాననీరంతా అందులో చేరి సముద్రంలోకి పోవాలి. సముద్రం దగ్గర కాలువకు అడ్డంగా ఇనప తలుపులున్నాయి. సముద్రం పొంగే వేళ, అంటే పోటులో, తలుపులు దించకపోతే ఉప్పునీరు పొలాల్లోకి వస్తుంది. సముద్రం వెనక్కి తగ్గే వేళను అక్కడివాళ్లు పాటు అంటారు. ఆ పాటులో తలుపులు ఎత్తకపోతే వాననీరు పొలాల్లోనే నిలిచిపోతుంది. పాటు ఉండేది ఐదు గంటలు. ఆ ఐదు గంటల్లో తలుపు ఎత్తడమూ, తరువాత దించడమూ, ఇంతే ఆ డివిజన్ పుట్టిన కారణం.

తలుపుల దగ్గర గదిలో ఉండే లస్కరు పేరు ఏడుకొండలు. యాభై ఎనిమిదేళ్ల మనిషి. నీటిమట్టం చూసి గదిలోని కంప్యూటరులో కొడితే, ఆ అంకె రెండు కిలోమీటర్ల తీగ మీదుగా ఆఫీసుకు చేరుతుంది. ఐదడుగులు దాటితే ఆఫీసు కంప్యూటరులో గంట మోగుతుంది, పెద్ద ఇంజినీరు 'ఎత్తండి' అని నొక్కుతారు, ఏడుకొండలు హ్యాండిల్ పెట్టి తలుపులు తిప్పుతాడు. ఆ కాలువ పక్కనే పల్లపులంక అనే ఊరుంది. దానికి ఆరువందల ఎకరాల వరిచేలున్నాయి. వాటిలో ఎకరన్నర ఏడుకొండలు కౌలుకు చేస్తున్నాడు. ఆ కార్తెలో చేలు పొట్టమీదున్నాయి.

వారం తిరక్కముందే ఉత్తర్వు వచ్చింది.

'ఇందుమూలముగా యావన్మంది సిబ్బందికి తెలియజేయడమేమనగా, కార్యాలయములోని కంప్యూటర్లకు ఫలజాతుల పేర్లు పెట్టుట ప్రభుత్వ గౌరవమునకు భంగకరముగా ఉన్నందున, సదరు పేర్లు తక్షణమే రద్దు చేయడమైనది. ఇకమీదట ప్రతి కంప్యూటరునకు దానిని వాడు ఉద్యోగి హోదాయే పేరుగాను, సీనియారిటీ జాబితాలోని వరుస సంఖ్యయే చిరునామాగాను ఉండవలెను. వాకిలి అనబడు పరికరమును నాలుగవ తరగతి సిబ్బంది తరువాతి స్థానములో ఉంచవలెను.'

కనకవల్లి ఉత్తర్వు చదివి, ఇలాంటి విషయాల్లో మౌనంగా ఉండటం ఇంకా నేర్చుకోలేదు కనుక, పెద్ద గదిలోకి వెళ్లింది.

"సార్, ఆ నంబరుకి హోదాతో సంబంధం లేదండి. ఇంటి నంబరు లాంటిదే. ఒకటో నంబరు ఇంట్లో ఉన్నాయన ఊరికి పెద్దని కాదు కదండి."

"మా ఊళ్లో ఒకటో నంబరు ఇల్లు మాదే," అన్నారు లింగమూర్తి గారు.

కనకవల్లి బయటికొచ్చి నంబర్లు మార్చింది. లింగమూర్తి గారు ఒకటి అయ్యారు, సోమయాజులు గారు రెండు, వాచ్‌మన్ అరవై ఒకటి, వాకిలి అరవై రెండు. తలుపుల గది కంప్యూటరు లస్కరుది కనుక యాభై ఎనిమిది. ఇకపై దారి అరవై రెండు మీదుగా అని మిగతా కంప్యూటర్లకు కూడా చెప్పాలంది. దానికి వేరే నోట్ ఫైలు పెట్టమన్నారు. ఫైలు కదిలేదాకా అవి పాత అలవాటున ఒకటో నంబరు దగ్గరికే పోయి దారి అడగసాగాయి. బయటికి పోవాల్సిన ప్రతి కబురూ లింగమూర్తి గారి కంప్యూటరు దాకా వచ్చి అక్కడ ఆగిపోయింది. ఆయన గదిలోకి వెళ్లే ఫైళ్లు మొదటిరోజునుంచీ చేస్తున్నదీ అదే కాబట్టి రెండు రోజులపాటు ఎవరికీ అనుమానం రాలేదు.

నంబర్లు సీనియారిటీవి అన్నాక సీనియారిటీ తగాదాలు ఊరుకుంటాయా? సీనియర్ అసిస్టెంట్లు మార్తమ్మ గారూ, కామేశం గారూ ఒకే రోజున ఉద్యోగంలో చేరినవాళ్లు. పందొమ్మిదేళ్లుగా ఒకే బల్లకు అటూ ఇటూ కూర్చుని ఒకే క్యారేజీలో పచ్చడి పంచుకున్నవాళ్లు. పట్టికలో కామేశం గారికి మూడు, మార్తమ్మ గారికి నాలుగు వచ్చాయి.

"నేను పొద్దున పదింటికి చేరేను. ఈయన మద్దేన్నం భోజనం చేసొచ్చి చేరేడు. రిజిస్టర్ తియ్యండి," అన్నారు మార్తమ్మ గారు.

"పుట్టిన తేదీ ప్రకారం నేనే పెద్దండి," అన్నారు కామేశం గారు.

"పెద్దైతే కాళ్లకి దండం పెడతాను. నంబరు మాత్రం ఒదలను."

సోమయాజులు గారు మధ్యేమార్గంగా, ఒకరికి మూడు, ఇంకొకరికి మూడు బై ఏ ఇవ్వమన్నారు.

"కంప్యూటరు నంబర్లకి బై నంబర్లుండవండి," అంది కనకవల్లి.

"మున్సిపాలిటీ వాళ్లు ఇస్తున్నారు కదమ్మా. వాళ్లకున్న జ్ఞానం కంప్యూటరుకి లేదా?"

చివరికి తగాదా పై కార్యాలయానికి వెళ్లింది. తేలేదాకా మూడు, నాలుగు నంబర్లు నిలుపుదల చేశారు. మార్తమ్మ గారూ కామేశం గారూ చిరునామా లేని కంప్యూటర్ల ముందు కూర్చుని, ఒకరి మొహం ఒకరు చూడడమూ, పని చేయడమూ మానేశారు.

తరువాత సెలవుల సమస్య వచ్చింది. అధికారి సెలవులో ఉంటే ఆయన బాధ్యతలు ఇన్‌ఛార్జికి పోతాయి. మరి నంబరు పోవద్దా? పోవాలని తేల్చారు. కనుక పొద్దున హాజరుపట్టీలో సంతకాలు పూర్తయ్యాక, ఎవరొచ్చారో ఎవరు రాలేదో చూసి, కనకవల్లి ఆ రోజు పట్టిక కొత్తగా రాసి, లింగమూర్తి గారి చేత సంతకం చేయించి, అప్పుడు కంప్యూటర్లలోకి ఎక్కించాలి. పదిన్నర దాకా ఆఫీసులో ఏ కంప్యూటరుకీ చిరునామా ఉండేది కాదు. ఆ మాటకొస్తే ఉద్యోగులకూ ఉండేది కాదు.

ఇక్కడితో ఆగినా బాగుండేది. లింగమూర్తి గారు ఒకరోజు తన కంప్యూటరు తెరిస్తే, యాభై ఎనిమిదో నంబరు నుంచి నేరుగా వచ్చిన 'నీటిమట్టం 3.2' అనే కబురు కనిపించింది. లస్కరు నుంచి ఎగ్జిక్యూటివ్ ఇంజినీరుకు, మధ్యలో ఎవరూ లేకుండా!

"ఒక లస్కరు నా గది తలుపు తోసుకుని లోపలికొచ్చి 'మూడు పాయింట్ రెండు' అని అరిస్తే ఊరుకుంటామా?" అని మీటింగులో అడిగారు. ఊరుకోబోమని అందరూ అన్నారు.

పిచ్చి కుదిరింది రోకలి తలకు చుట్టమన్నట్టు, రెండో ఉత్తర్వు దిగింది. ఒక్కో కంప్యూటరులో ఉండే పట్టికలో దాని పై అధికారి పేరు ఒక్కటే ఉండాలి. లస్కరు కంప్యూటరుకు సెక్షన్ ఇంజినీరు తప్ప లోకంలో ఇంకెవరూ తెలియకూడదు. సెక్షన్ ఇంజినీరుకు డిప్యూటీ ఇంజినీరు, డిప్యూటీకి సూపరింటెండెంటు, సూపరింటెండెంటుకు లింగమూర్తి గారు. కబురు ఒక్కో మెట్టు దగ్గర ఆగి, అక్కడి అధికారి చదివి, 'సమర్పించడమైనది' అని నొక్కితేనే పై మెట్టు ఎక్కాలి. జవాబు కూడా అలాగే మెట్టు మెట్టుగా దిగాలి. దీనికి 'సీనియారిటీ ప్రకార చిరునామా విధానము' అని పేరు పెట్టి, బోర్డు రాయించి, రిబ్బను కత్తిరించారు.

కనకవల్లి ఆ సాయంత్రం అరవై రెండు యంత్రాల పట్టికలు ఒక్కొక్కటీ తెరిచి, పేర్లు తుడిచేసింది. ఎనిమిదేళ్లు కూడబెట్టిన పొందిక. తన చేత్తోనే చెరిపేస్తుంటే ఆమెకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. మానేసి పోదామనుకుంది కూడా. పోతే ఆ తీగల చివర ఏడుకొండలు ఒక్కడే మిగులుతాడని ఆగింది.

అక్టోబరు రెండో వారంలో వాన పట్టుకుంది. పొద్దున తొమ్మిదింటికి పాటు మొదలైంది. ఏడుకొండలు 'నీటిమట్టం 5.6' అని కొట్టాడు. పదిన్నరకు చిరునామాలు పుట్టాక అది బయలుదేరి సెక్షన్ ఇంజినీరుకు చేరింది. ఆయన పదకొండింటికి చదివి సమర్పించారు. డిప్యూటీ దాని కింద 'చర్చించండి' అని రాసి వెనక్కి పంపారు. ఎవరితో చర్చించాలో రాయలేదు కనుక సెక్షన్ ఇంజినీరు తనలో తాను చర్చించుకుని మళ్లీ పైకి పంపారు. సోమయాజులు గారు గత ఐదేళ్ల అక్టోబరు మట్టాలు జతపరచమన్నారు. అప్పటికి పన్నెండున్నర.

కనకవల్లి ఫోను మోగింది. ఏడుకొండలు.

"అమ్మా, నీరొచ్చేత్తందమ్మా. ఆరు దాటేసింది. పల్లపులంక గట్టు ఇంక జానెడే ఉంది. ఎత్తమని ఇంకా రాలేదేటమ్మా?"

"సూపరింటెండెంటు గారి దగ్గరుంది బాబాయ్."

"ఆయన దగ్గరుంటే నీరాగుద్దా? రెండింటికి పోటు తిరిగిపోద్ది. మరింక ఎత్తలేం."

కనకవల్లి అటూ ఇటూ చూసింది. గదిలో ఎవరూ లేరు. "ఎత్తెయ్ బాబాయ్," అంది.

"ఎత్తెయ్యనా? నువ్వు సెప్పేవని సెప్పనులే."

"చెప్పు. పర్లేదు."

ఎత్తేశాడు. గంటన్నరలో కాలువ రెండడుగులు దిగింది. పల్లపులంకలో ఒక్క మడి కూడా మునగలేదు. వెన్ను తీసిన చేలు వానలో కడిగినట్టు నిలబడ్డాయి. సాయంత్రం నాలుగింటికి సక్రమ మార్గంలో 'ఎత్తండి' అనే ఉత్తర్వు లస్కరు గదికి చేరింది. అప్పటికి సముద్రం పొంగి ఉంది. ఏడుకొండలు తలుపులు దించేసి, ఇంటికి పోయి అన్నం తింటున్నాడు. ఉత్తర్వు మాట విని ఎత్తి ఉంటే ఆరువందల ఎకరాల్లోకీ ఉప్పునీరు దిగేది.

మర్నాడు విచారణ జరిగింది. చేలు ఎలా మిగిలాయన్నది కాదు విషయం. ఉత్తర్వు సాయంత్రం నాలుగింటిదైతే తలుపులు మధ్యాహ్నం పన్నెండున్నరకు ఎలా లేచాయన్నది.

"నేనే ఎత్తేనండి," అన్నాడు ఏడుకొండలు.

"నేనే చెప్పానండి," అంది కనకవల్లి.

"నువ్వెవరు చెప్పడానికి? నీకు నంబరే లేదు," అన్నారు లింగమూర్తి గారు. నిజమే. కాంట్రాక్టు మనిషి కనుక ఆమె సీనియారిటీ జాబితాలో లేదు. పట్టిక రాసే మనిషి పేరు పట్టికలో లేదు.

"చేలు మునగలేదు కదండీ సార్."

"చేలు మునగకపోవడం వేరే విషయం. అది వ్యవసాయశాఖ చూసుకుంటుంది. మన శాఖకు సంబంధించినంతవరకూ తలుపులు అనుమతి లేకుండా లేచాయి. ఇవాళ తలుపు, రేపు ఇంకేదైనా లేస్తుంది."

ఏడుకొండలుకు సంజాయిషీ మెమో ఇచ్చారు. కనకవల్లికి హెచ్చరిక. ఫోనుకు హోదా లేదు కనుక విధి నిర్వహణలో ఫోను వాడకూడదన్నారు. అన్నిటికీ మించి, తలుపులు తిప్పే ఇనప హ్యాండిల్‌ను లస్కరు గదిలోంచి తెచ్చి, లింగమూర్తి గారి గదిలోని బీరువాలో పెట్టి తాళం వేశారు. ఉత్తర్వు కాగితం తెచ్చి సంతకం పెట్టి తీసుకెళ్లాలి. ఏడుకొండలు ఆ హ్యాండిల్‌ను ముప్పై ఒక్క ఏళ్లుగా తన భుజం మీద మోశాడు. బీరువా తాళం పడుతుంటే పక్కకు తిరిగి నిలబడ్డాడు.

నవంబరు మూడో వారానికి చేలు పండాయి. పల్లపులంకలో కొడవళ్లు నూరుకున్నారు. నాలుగు రోజుల్లో కోత అనగా అల్పపీడనం అన్నారు. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే అదే. రెండు రోజులు ఏకధారగా కురిసింది.

మూడో రోజు పొద్దున పదింటికి పాటు మొదలవుతుంది, మూడింటికి పోటు తిరుగుతుంది. అదే రోజు లింగమూర్తి గారికి పై కార్యాలయంతో వీడియో సమావేశం. విషయం, సీనియారిటీ ప్రకార చిరునామా విధానము, దాని విజయములు. అదే రోజు సోమయాజులు గారు సెలవు, వియ్యంకుడి షష్టిపూర్తి. సూపరింటెండెంటుకు ఇన్‌ఛార్జిగా కింది వరుసలో సీనియరు ఉండాలి. ఆ సీనియరు కామేశమో మార్తమ్మో ఇంకా తేలలేదు. కనుక ఆ పేరుకు ఆ రోజు నంబరు లేదు. పట్టికలో ఎడమ పక్క 'సూపరింటెండెంటు' అని ఉంది, కుడి పక్క ఖాళీ.

డిప్యూటీ ఇంజినీరు పంపిన 'నీటిమట్టం 6.1' ఆ ఖాళీలోకి పోయి, 'చేరవలసినవారు లేరు' అని తిరిగొచ్చింది. ఆయన మళ్లీ పంపారు. మళ్లీ తిరిగొచ్చింది. నిబంధన ప్రకారం మూడుసార్లు పంపి, నా బాధ్యత తీరిందని నోట్ రాసుకుని, టీ తాగడానికి వెళ్లారు.

పదకొండున్నరకు ఏడుకొండలు తడిసిన గోనెసంచీ నెత్తిన వేసుకుని, రెండు కిలోమీటర్లు నడిచి, సరాసరి సిస్టమ్స్ గదికి వచ్చాడు.

"ఆండిల్ ఇప్పించమ్మా. కాళ్లట్టుకుంటాను. ఆరున్నరైపోయింది. సేలోకి నీరెక్కేత్తంది."

"ఉండు బాబాయ్, అడుగుతా."

కనకవల్లి కామేశం గారి దగ్గరికి పరుగెత్తింది. "ఇన్‌ఛార్జిగా ఒక్క సంతకం పెట్టండి సార్. ఊరు మునిగిపోతోంది."

"పెడతానమ్మా, నాకేం అభ్యంతరం? కానీ నేను పెడితే ఆవిడ కోర్టుకెళ్తుంది."

మార్తమ్మ గారి దగ్గరికి వెళ్లింది.

"నన్ను సీనియరని ఆయన్ని ఒప్పుకోమను, ఇప్పుడే పెడతాను. అయ్యో, ఆ చేలల్లో మా పిన్ని వాళ్లదీ ఉంది తల్లీ. ఒప్పుకోమను ఆయన్ని."

ఆయన ఒప్పుకోలేదు. పెద్ద గది తలుపు దగ్గర అటెండరు చెయ్యి అడ్డం పెట్టాడు. లోపల సమావేశం, ఈగను కూడా పోనివ్వద్దన్నారు. పన్నెండున్నరయింది.

కనకవల్లి తన గదికి తిరిగొచ్చి కూర్చుంది. లస్కరు గది కంప్యూటరు పట్టిక తెరిచింది. అందులో ఒకే ఒక్క పేరు, సెక్షన్ ఇంజినీరు, ఎదురుగా ఒక నంబరు. ఆ నంబరు చెరిపి, అక్కడ ఒకటి అని రాసి, ఏడుకొండలు కొట్టి వచ్చిన చివరి కబురును మళ్లీ పంపింది. యంత్రానికి ఏం తెలుసు పాపం, చెప్పిన గుమ్మానికి పోతుంది. అరనిమిషంలో పెద్ద గదిలోంచి గంట మోగిన చప్పుడు వినిపించింది.

లోపల గోడంత తెర మీద పై అధికారుల మొహాలు పన్నెండు ఉన్నాయి. లింగమూర్తి గారు 'క్రమశిక్షణ' అనే మాట దగ్గరున్నారు. సరిగ్గా అప్పుడు ఆ పన్నెండు మొహాలకూ కనిపించేలా తెర మధ్యలో ఎర్రగా అక్షరాలు వెలిగాయి. 'నీటిమట్టం 6.5. తలుపులు ఎత్తమంటారా?'

లింగమూర్తి గారు చదివారు. చదవలేదని ఎవరూ అనలేరు, పన్నెండుమంది సాక్షులున్నారు. కింద పంపినవారి నంబరు చూశారు. యాభై ఎనిమిది.

"చూశారా సార్," అన్నారు తెరతో, చిరునవ్వు చెదరకుండా. "క్రమశిక్షణ లేకపోతే ఏం జరుగుతుందో చెప్పబోతున్నాను. దేవుడే ఉదాహరణ పంపించాడు." అని, ఆ కబురు కింద 'సక్రమ మార్గములో సమర్పించవలెను' అని కొట్టి, వెనక్కి పంపారు.

పన్నెండు మొహాల్లో అన్నిటికంటే పెద్దది తల ఊపింది. "శభాష్. లింగమూర్తి, ఇది రాష్ట్రమంతా అమలు చెయ్యాల్సిన విధానం."

లస్కరు గదిలో ఆ జవాబు చదవడానికి ఎవరూ లేరు. చదవాల్సినవాడు ఆఫీసులో పెద్ద గది బయట వరండాలో అటెండరు కాళ్ల దగ్గర కూర్చుని, తలుపు ఎప్పుడు తెరుస్తారా అని చూస్తున్నాడు. ఒంటిగంటయింది. రెండయింది. రెండున్నరకు లోపల చప్పట్లు వినిపించాయి. మూడింటికి సముద్రం తిరిగింది. ఏడుకొండలుకు గడియారం అక్కర్లేదు. ఎక్కడున్నా పోటు తిరగడం అతనికి తెలుస్తుంది. లేచి, గోనెసంచీ దులుపుకుని మెట్లు దిగిపోయాడు. కనకవల్లి పిలిచింది. వెనక్కి తిరగలేదు.

తరువాతి పాటు వేళకు ఆఫీసు మూసేసి ఉంది, బీరువా తాళం లింగమూర్తి గారి జేబులో ఊరికి వెళ్లింది. ఆయన తిరిగొచ్చేదాకా, ఆరు రోజులు, పల్లపులంక చేలు నీళ్లలోనే ఉన్నాయి.

ఈసారి విచారణ గంటలో ముగిసింది, ఎందుకంటే తప్పు దొరకలేదు. ప్రతి కబురూ ప్రతి మెట్టు దగ్గర ఎప్పుడు ఆగిందో నిమిషాలతో సహా నమోదై ఉంది. అనుమతి లేకుండా తలుపు అంగుళం కూడా లేవలేదు. నివేదిక చివరి వాక్యం ఇది: 'పల్లపులంక ముంపు పూర్తిగా నిబంధనలకు లోబడి జరిగినదని ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది.' లింగమూర్తి గారికి ప్రమోషను మీద రాజధానికి బదిలీ వచ్చింది, విధానాన్ని మిగతా డివిజన్లకు నేర్పడానికి. పట్టికను అనధికారికంగా తాకినందుకు కనకవల్లి కాంట్రాక్టు రద్దయింది. ఏడుకొండలుకు ప్రశంసాపత్రం వచ్చింది.

ఆ పత్రాలు ఇచ్చే రోజునే కనకవల్లి తాళాలు అప్పగించడానికి ఆఫీసుకు వచ్చింది. హాల్లో కుర్చీలు వేశారు, ఎదురుగా బల్ల దగ్గర లింగమూర్తి గారూ సోమయాజులు గారూ కూర్చున్నారు. ఏడుకొండలు పేరు పిలిచారు. ముందు మెమో తీసుకున్న మనిషి, చేను మిగిల్చినందుకు. ఇప్పుడు పత్రం, చేను పోగొట్టుకున్నందుకు. కనకవల్లికి ఆ పట్టికలన్నీ రోజూ పొద్దున్నే కూర్చుని రాసింది తన చేతులే కదా అనిపించి, ఆ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఏడుకొండలు పత్రం అందుకుని, తిప్పి చూసి, ఆమె దగ్గరికి వచ్చాడు.

"ఇందులో ఏం రాసేరమ్మా?"

"ఉత్తర్వు లేకుండా తలుపు ఎత్తనందుకు మెచ్చుకుంటున్నామని రాశారు బాబాయ్."

"నా సేను సంగతేమన్నా రాసేరా?"

"రాయలేదు."

"మరేనండి," అన్నాడు, ఆమెతో కాదు, బల్ల వంక చూస్తూ. బల్ల దగ్గరికి తిరిగి వెళ్లాడు. తువ్వాలు విప్పి, అందులోంచి గుప్పెడు వరికంకులు తీసి లింగమూర్తి గారి ముందు పెట్టాడు. ఆరు రోజులు నానిన కంకులు. గింజగింజకూ తెల్లటి మొలక వచ్చి, ఒకదానికొకటి చిక్కుకుని ఉన్నాయి. హాల్లో చప్పట్లు ఆగిపోయాయి. ఏడుకొండలు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

లింగమూర్తి గారు కంకులను చూశారు, సోమయాజులు గారిని చూశారు. "ఇది ఎవరి ద్వారా వచ్చింది?"

"నేరుగా వచ్చిందండి," అన్నారు సోమయాజులు గారు, కంగారుగా లేచి. గబగబా కంకులను ఒక కవరులో పెట్టి, మీద ఇన్‌వర్డ్ నంబరు వేసి, పెద్ద సారుకు నేరుగా ఇవ్వకూడదు కనుక ముందు సెక్షన్‌కు పంపించారు.